రాయి దొరకని ఊరివాణ్ణి

నా స్నేహితుడు రాజుగారి పెద్దకర్మ నాడు భోజనాలయ్యి నేను బయల్దేరబోతుంటే ఆయన భార్య అక్కయ్యగారు లోపలికి రమ్మన్నారు. బీరువా అడుగు అరలోంచి పాత లుంగీలో చుట్టిన మూట ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

"ఇది మీకు ఇచ్చెయ్యమన్నారు మాస్టారూ. పగిలితే మీ చేతిలోనే పగలాలి అనేవారు."

లోపల ఏముందో చుట్టుకొలత బట్టే తెలిసిపోయింది. విప్పలేదు. భీమవరం నుంచి పాలకొల్లు, అక్కడి నుంచి చించినాడ వంతెన దాటి రాజోలు దాకా బస్సులో పసిపిల్లాణ్ణి కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకునే వచ్చాను. పక్క సీటాయన రెండుసార్లు చూసి, "అస్థికలాండీ?" అని మెల్లిగా అడిగాడు. కాదండీ, కాఫీ కుండ అన్నాను. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చి విప్పితే నల్లటి మట్టికుండ. గుండ్రటి పొట్ట, కొంగ మెడలాంటి మెడ, చెయ్యి జారకుండా ఒక పిడి, మూతిలో గడ్డితో చేసిన బిరడా. జెబెనా అంటారు దాన్ని. బిరడా లాగి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇన్నేళ్లయినా ఉంది వాసన. మాడీ మాడని గింజ వాసన, కింద సన్నగా బొగ్గుపొగ. అంతే, ఇక ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

*

కాఫీ వాసనంటే నాకు ముందు గుర్తొచ్చేది అమ్మే. మా చిన్నప్పుడు పొడి కొనడం లేదు. అమలాపురం వెళ్లినవాళ్ల చేత పచ్చిగింజలు తెప్పించి, పెరట్లో కుంపటి మీద ఇనప మూకుట్లో వేయించేది. గింజ చిటపటమనడం మొదలెట్టగానే మూకుడు దింపి చేటలో పోసి విసిరేది. ఒక్క క్షణం ఆలస్యమైతే చేదు. ఆ విద్య ఆవిడకి చెవితో వచ్చింది, కంటితో కాదు. కాలవ గట్టు మలుపు తిరుగుతుండగానే "మీ ఇంట్లో ఇవాళ గింజలు వేయించార్రోయ్" అని చెప్పేసేవారు బళ్లో పిల్లలు.

ఇత్తడి ఫిల్టరు. పై గిన్నెలో నీళ్లు పోసి, వేలి ఎముకతో 'టక్ టక్' మని కొట్టేది, త్వరగా దిగాలని. మొదటి డికాషన్ నాన్నగారికీ, ఇంటికొచ్చిన పెద్దవాళ్లకీ. రెండో డికాషన్ మిగిలినవాళ్లకి. ఎవరికి ఏ డికాషన్ అందింది అన్న దాని మీద మా చుట్టాల్లో ఏళ్ల తరబడి మాటల్లేకుండా పోయిన జంటలు ఉన్నాయి. మా మేనత్త ఒకావిడ గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి, "ఊఁ" అని దింపేసేది. ఆ "ఊఁ"కి అమ్మ మర్నాటి దాకా మండిపడేది.

*

మాది గన్నవరం అక్విడక్టుకి దిగువన, కాలవ పక్క ఊరు. కోనసీమలో అన్నీ ఉంటాయంటారు గానీ రాయి ఉండదు. ఇది బయటివాళ్లకి చెప్తే నమ్మరు. నుయ్యి తవ్వినా, చెరువు తవ్వినా ఒండ్రు, ఇసక, మళ్లీ ఒండ్రు. పలుగుకి ఖణేల్‌మని ఏదైనా తగిలిందంటే ఊరంతా పరిగెత్తుకొచ్చేది, లంకెబిందెలేమోనని. మామిడికాయలు మేం మట్టిబెడ్డలతోనే కొట్టాం. చెట్టుకి తగిలితే అక్కడే పొడైపోయేవి. పంగలకర్రకి గుళ్లు కావాలంటే ఒండ్రుమట్టి ఉండలు చేసి ఎండబెట్టుకోవాలి. వాన పడితే ఆ ఆయుధాగారం మొత్తం పేడముద్దలా అయిపోయేది.

అందుకని మా ఊళ్లో ఉన్న ప్రతి రాయికీ ఒక చరిత్ర ఉండేది. కాలవ రేవులో బట్టలుతికే బండ ఎవరు వేయించారో పేరుతో సహా చెప్పేవారు. మా ఇంటి రోలు పడవ మీద వచ్చింది. సన్నికల్లు నాన్నమ్మతో పాటు కాపరానికి వచ్చింది. గుళ్లో దేవుడు కూడా ఎక్కడి నుంచో వచ్చినవాడే. చిన్నప్పుడు నా లెక్క ఏమిటంటే, రాయి కనబడిందంటే అది నూరడానికన్నా అయ్యుండాలి, దణ్ణం పెట్టడానికన్నా అయ్యుండాలి. ఊరికే పడున్న రాయి అన్నది నా ఊహలో లేదు.

మొదటిసారి రాజమండ్రి తీసుకెళ్తుంటే ధవళేశ్వరం దగ్గర బస్సు కిటికీలోంచి కొండ చూసి, "ఇదంతా రాయేనా?" అని అడిగానట. నాన్నగారు నవ్వలేదు. ఈ కొండనే తవ్వి కాటన్ దొర ఆనకట్ట కట్టాడ్రా, 1847లో మొదలెట్టి అయిదేళ్లలో పూర్తి చేశాడు, ఈ రాళ్లు అక్కడ ఏటికి అడ్డం పడుకోబట్టే మనం అన్నం తింటున్నాం అని చెప్పారు. అప్పటి నుంచి చాలాకాలం నా దృష్టిలో రాయి చేసే మూడో పని ఏటికి అడ్డం పడుకోవడం.

నిలబడ్డ రాళ్లు చూడ్డానికి మాత్రం సముద్రం దాటాల్సొచ్చింది.

*

ఇథియోపియాకి మాస్టర్లు కావాలంటూ అప్పట్లో తెగ పిలుపులు. ఒక్కో యూనివర్సిటీలో అరడజను మంది తెలుగువాళ్లు. నేను లెక్కలు, రాజుగారు వృక్షశాస్త్రం. ఇద్దరికీ డిల్లా అనే ఊళ్లో పడింది. అడిస్ అబాబా నుంచి దక్షిణంగా 360 కిలోమీటర్ల దాకా, కెన్యా సరిహద్దుకి పోయే రోడ్డు మీద ఉంటుంది. జివాయ్ సరస్సు, షాషెమెనె, హవాసా దాటి దిగాలి. ఎత్తు 1,500 మీటర్లకి పైనే. మన అరకు 900 దగ్గర ఆగిపోతుంది. సముద్రమట్టానికి నాలుగు మూరలు కూడా లేని ఊళ్లో పుట్టినవాణ్ణి, మొదటి వారం మేడ మెట్లెక్కితే ఆయాసం.

ముందు గడియారంతో తగువొచ్చింది. పరీక్ష రెండు గంటలకి అన్నారు, భోంచేసి తీరిగ్గా వెళ్లాను. పరీక్ష అయిపోయి కూర్చున్నారు. వాళ్లకి పొద్దు పొడిస్తే లెక్క మొదలు. మన ఏడు వాళ్ల ఒకటి, మన ఎనిమిది వాళ్ల రెండు. పెద్దవాళ్లెవరో చీవాట్లు పెట్టారు కూడా. తర్వాత ఆలోచిస్తే, పంచాంగంలో ఉదయాది ఘడియలు లెక్కేసిన ఇంట్లో పెరిగినవాణ్ణి, నాకు ముందే తట్టాల్సింది. నెలలు పదమూడు. ముప్పై రోజుల నెలలు పన్నెండు, చివర్న అయిదో ఆరో రోజుల తోక. మన అధికమాసం మూడేళ్లకోసారి వస్తే వాళ్లకి ఏటా వస్తుంది అనుకుంటే సరి. సంవత్సరం మనకంటే ఏడెనిమిది వెనక. 2007 సెప్టెంబరులో వాళ్లకి రెండువేల సంవత్సరం వచ్చింది. ఆ విధంగా నేనూ రాజుగారూ దాన్ని రెండుసార్లు చూశాం.

తిండికి ఇబ్బంది పడలేదు. ఇంజెరా అంటే కంచమంత పుల్లట్టు, ఒళ్లంతా చిల్లులు. పక్కన శనగపిండి కూర. బుధ, శుక్రవారాల్లో వాళ్లు ఉపవాసం పేరుతో మాంసం, పాలు ముట్టరు, ఆ రెండు రోజులూ నాలాంటివాడికి హోటల్లో పండగ. ఊళ్లో తిరగడానికి మన మూడు చక్రాల ఆటోలే, వాటి పేరు అక్కడ 'బజాజ్'. "ఒక బజాజ్ పిలవండి" అనేవారు రాజుగారు, ఆ మాట అన్నప్పుడల్లా సొంత కంపెనీ అయినట్టు కాలరు సర్దుకుంటూ.

పిల్లలు నన్ను 'మెమ్‌హిర్' అనేవారు. అమ్హారిక్‌లో మాస్టారని అర్థం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

ఇంకోటి అరటితోట. మేం అద్దెకున్న ఇంటి వెనక ఏపుగా పెరిగిన అరటిచెట్లు. కోనసీమవాడికి అంతకంటే ఏం కావాలి? గెల ఎప్పుడేస్తుందా అని నాలుగు నెలలు చూశాను. ఒకరోజు ఇంటావిడ వాటిలో ఒకదాన్ని మొదలంటా నరికి, బోదె చెక్కలు తీసి, బల్లకి ఆన్చి వెదురుబద్దతో గీకడం మొదలెట్టింది. నాకు గుండె ఆగినంత పనైంది. రాజుగారు నవ్వి నవ్వి చెప్పారు, "అది అరిటి కాదండీ మాస్టారూ, అరిటికి పినతల్లి కూతురు. ఎన్సెట్ అంటారు. దీని కాయ తినరు, దుంపా బోదే తింటారు." ఆ గీకిన పిండి గోతిలో పూడ్చి, పులియబెట్టి, కోచో అనే రొట్టె కాలుస్తారు. మనరిటికి పిలకలు వాటంతటవే వస్తాయి కదా, దీనికి రావట. దుంప మధ్య మొగ్గని తొలిచేసి పాతిపెడితే చుట్టూ మొక్కలు లేస్తాయి. అది చేతికి రావడానికి నాలుగేళ్ల పైమాటే. కరవొచ్చినా ఈ చెట్టు నిలబడి ఉంటే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఈ పాఠమంతా పెరట్లో చెప్పులు లేకుండా నిలబడి చెప్పారాయన.

*

నాన్నగారు పోయిన కబురు అక్కడుండగానే వచ్చింది. తెల్లవారుజామున, తమ్ముడి ఫోను. డిల్లా నుంచి అడిస్ ఒక పగలు, విమానం దొరికేసరికి ఇంకో పగలు, బొంబాయి, హైదరాబాదు, రాత్రి రైలు, రాజమండ్రి, బస్సు. నేను చేరేసరికి ఏం మిగులుతుంది? తలకొరివి తమ్ముడే పెట్టాడు. నాకు పదోరోజు మిగిలింది.

మనలో ఆ పది రోజులూ ఒక రాయి పాతుతారు కదా, ఏటి ఒడ్డున. పోయినవాళ్లని అందులోకి ఆవాహన చేసి రోజూ నువ్వులూ నీళ్లూ వదులుతారు. పదోరోజు ఉద్వాసన చెప్పి ఏట్లో కలిపేస్తారు. మా ఊళ్లో రాయి ఎక్కడ దొరుకుతుంది? తమ్ముడు వంటింటి వెనక్కి వెళ్లి, నాన్నమ్మ నాటి సన్నికల్లు ఏనాడో పగిలి పడుంటే దాని మూల ముక్క తెచ్చాడట. బ్రహ్మగారు మొదట గొణిగి, తర్వాత "సర్లే, నూరిన చెయ్యేగా" అన్నారట. నేను చూసేసరికి అది తాటాకు పందిరి కింద, బురదలో, అరచేతి మందాన, నువ్వుగింజలు అంటుకుని ఉంది. ఒకవైపు ఇంకా నున్నగానే ఉంది, కొబ్బరి పచ్చళ్లు నూరి నూరి.

నడుం లోతు నీళ్లలోకి దిగి, వెనక్కి తిరిగి చూడకుండా వదిలెయ్యమన్నారు. వదిలేశాను. గోదావరి అప్పటికి తేటపడుతోంది. ఎంత చిన్న చప్పుడో!

*

తిరిగి డిల్లా వెళ్లిన రోజు సాయంత్రమే ఇంటావిడ తలుపు తట్టింది. అరవై దాటిన మనిషి, అందరూ ఎమామ అంటారు, మేమూ అలాగే అనేవాళ్లం. వెనక చుట్టుపక్కల ఆడవాళ్లు నలుగురు. ఒక్క మాటైనా అడక్కుండా నేలమీద పచ్చగడ్డి పరిచారు. నిప్పుల కుంపటి, రేకు పెనం, పచ్చి కాఫీగింజలు. అవి కడిగి వేయించడం మొదలెట్టింది.

చిటపట.

మూకుడు దింపే క్షణం నాకు ముందే తెలిసిపోయింది. ఆవిడ సరిగ్గా అప్పుడే దింపింది. పొగ లేస్తున్న పెనం తెచ్చి నా మొహం ముందు అటూ ఇటూ ఊపింది, వాసన పీల్చమని, హారతి ఇచ్చినట్టు. నేను అలవాటు కొద్దీ రెండు చేతులూ చాపి కళ్లకద్దుకున్నాను. వాళ్లకది తప్పుగా అనిపించలేదు. గింజలు రోట్లో వేసి దంచారు. ఆ దంపుడు చప్పుడు అచ్చం మా పెరట్లోదే. జెబెనాలో కాచి, చెవుల్లేని చిన్న కప్పుల్లో పోశారు. కప్పుల్ని సీనీ అంటారు. నంజుకోడానికి పేలాలు, మొక్కజొన్నవి.

మూడు వాయిలు తాగాలి. అబోల్, తోనా, బరకా. అదే పొడి మీద మళ్లీ మళ్లీ నీళ్లు పోసి కాస్తారు కాబట్టి వాయి వాయికీ పల్చన. మూడోదాని పేరుకి అర్థం ఆశీర్వాదం. అది తాగకుండా లేవకూడదు. మా ఇంట్లో రెండో డికాషన్ కోసం జరిగిన యుద్ధాలు గుర్తొచ్చి, ఆ రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. మా మేనత్త ఈ మూడోదాన్ని వెలుతురులో పెట్టి చూసి ఏమనేదో!

వెళ్తూ ఎమామ భుజం తట్టి "అయ్‌జొహ్" అంది. ధైర్యం తెచ్చుకో అని. పక్కనున్న రాజుగారు "ఆయ్" అన్నారు. భీమవరం ఆయ్. ఆవిడ తనకి అర్థమైందనే అనుకుంది. అలా మూడు సాయంత్రాలు వచ్చారు. అక్కడ ఊరూరా ఇద్దిర్ అని ఉంటుంది, ఎవరింట్లో చావు జరిగినా డబ్బూ, గిన్నెలూ, మనుషులూ సర్దే సంఘం. మేం చందా కట్టినవాళ్లం కాము. అయినా వచ్చారు.

*

నెల తిరిగాక, మనిషి మరీ బిగుసుకుపోయాడని రాజుగారు నన్ను ఒక ఆదివారం లేవదీశారు. వెనాగో దగ్గర కొండ మీద పాత రాళ్లున్నాయట, చూసొద్దాం అన్నారు.

"ఏడాది తిరక్కుండా కొండెక్కకూడదు కదండీ" అన్నాను.

"మనం ఉన్నదే కొండ మీద కదండీ మాస్టారూ. దిగి ఎక్కితే కదా దోషం."

ఈ ధర్మసూక్ష్మానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

మినీబస్సులో వెళ్లి, ఆ పక్క ఊరి కుర్రాడు, నా దగ్గర చదివేవాడు, తోడొస్తే నడక పట్టాం. ఎర్రమట్టి, ముందురోజు వాన, అడుగు తీసి అడుగు వేస్తే జారుడు. కాఫీ పళ్లు ఎర్రబడే రోజులవి. తోట అంటే వరసలు కట్టిన తోట అనుకోకండి. పైన పెద్ద మానులు, వాటి నీడలో కాఫీ, కాఫీ పక్కన ఎన్సెట్, మధ్యలో ఇల్లు. కొబ్బరి కింద కోకో, దాని పక్కన అరిటి, కింద కంద వేసుకునే మాకు అదేమీ కొత్తగా లేదు. ఒక పెద్దమానుని తట్టి, "వాంజా అంటారు దీన్ని. మన బంకనక్కెర చెట్టుకి చుట్టం" అన్నారు రాజుగారు, ఆ దేశంలో మనకి బంధువులెవరూ లేరన్న లోటు ఉంచకూడదని పట్టుబట్టినట్టు. దారిలో కర్రల మీద కట్టిన ఎత్తు పందిళ్లలో కాఫీగింజలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్లు చుట్టూ నిలబడి, బియ్యంలో రాళ్లేరినట్టు, చెడ్డవి ఏరేస్తున్నారు. చినుకు పడగానే ఒకావిడ ఎన్సెట్ ఆకు కోసి మా నెత్తిన పెట్టింది. ఆ ఆకు కింద నడుస్తుంటే ఎక్కడున్నానో ఒక నిమిషం తెలియలేదు.

ఆ చోటి పేరు తుతు ఫెలా. మట్టీ రాళ్లూ పోసిన దిబ్బ, దాని మీద ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరగా నిలబెట్టిన రాళ్లు. మూడు వందల దాకా ఉంటాయన్నాడు కుర్రాడు. కొన్ని నా మోకాలి ఎత్తు, కొన్ని నాకంటే ఎత్తు. దగ్గరికెళ్తే చాలావాటికి మొహాలున్నాయి. గుండ్రటి కళ్లు, ముక్కు గీత, కొన్నిటికి పొట్ట మీద చేతులు. పెళ్లిలో ఫొటోకి నిలబెట్టిన చుట్టాల్లా, ఒకళ్ల భుజం వెనక ఒకళ్లు. నాచు పట్టి, వానకి తడిసి, అందరూ ఒకే పక్కకి చూస్తున్నట్టు అనిపించింది. నిజంగా అలా ఉన్నాయో, నాకే అలా అనిపించిందో.

రాజుగారు చెప్పులు విప్పేశారు. అక్కడ కాపలా కాసే పెద్దాయన అది చూసి కర్ర ఎత్తి ఏదో అన్నాడు. "సంతోషించాడు" అని చెప్పాడు కుర్రాడు.

ఫ్రెంచివాళ్లు ఇక్కడ తవ్వారు. 1920లలో అజయిస్ అనే మతగురువు వచ్చి చూసి రాసుకున్నాడు, 1990లలో జుసోమ్ అనే ఆయన వచ్చి తవ్వాడు. దిబ్బ కింద మనుషుల సమాధులే. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఈ మొహాల రాళ్లలో కొన్ని మొదట మొహాల రాళ్లు కావు. అంతకుముందు వాళ్లు నిలబెట్టిన నున్నటి స్తంభాల్నే తర్వాతివాళ్లు తెచ్చుకుని, వాటి మీద మొహం చెక్కుకున్నారు. మొదటి స్తంభాల ఆకారం ఏమిటో నేను వివరంగా రాయను. రాజుగారు చేతులు జోడించారు, అది చాలు. "మన ద్రాక్షారామం భీమేశ్వరుడు రెండంతస్తులు లేచి లేడూ" అన్నారు.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ నిలువురాయిని మెన్‌హిర్ అంటారని నేను చెప్తే కుర్రాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సార్, మీరు మెమ్‌హిర్, ఇది మెన్‌హిర్." రాజుగారు వెంటనే, "తేడా ఏముందిరా, రెండూ ఎవరు విన్నా వినకపోయినా నిలబడే ఉంటాయి" అన్నారు తెలుగులో. దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి నా వల్ల కాలేదు.

వాన కాసేపు గట్టిగా కురిసింది. పెద్దాయన గుడిసె చూరు కింద నిలబడ్డాం. మీ దగ్గర పోయినవాళ్లకి రాయి పెడతారా అని ఆయన అడిగాడు. రాజుగారు నా వైపు చూశారు. నేనే చెప్పాను. పది రోజులు పెడతాం, తర్వాత నదిలో వేసేస్తాం. కుర్రాడు వాళ్ల గెదెయో భాషలో చెప్పాడు. పెద్దాయన చాలాసేపు ఆలోచించి ఇంకో ప్రశ్న వేశాడు. మరి ఆయన్ని చూడాలనిపిస్తే మీరెక్కడికి వెళ్తారు?

నాకు మాట రాలేదు. రాజుగారే అందుకున్నారు. "మేం వెళ్లమండీ. ఏడాదికోసారి ఆయనే మా ఇంటికొస్తారు, భోజనానికి."

తద్దినాన్ని ఆ కుర్రాడు ఏ మాటల్లో పెట్టాడో నాకు తెలీదు. పెద్దాయన మాత్రం తల ఊపి, నవ్వుతూ ఒక మాట అన్నాడు. "అయితే మీవాళ్లకి కాళ్లున్నాయన్నమాట."

*

తుతుతి అనే ఇంకోచోటికి తర్వాతి సెలవుల్లో వెళ్లాం. ఇర్గ చెఫె వైపు. అక్కడ వెయ్యికి పైగా రాళ్లు, చాలావరకు పడిపోయి, పగిలి, కాఫీ మొక్కల మధ్య ఎవరి పొలంలో వాళ్లవి. నిలబడ్డవాటిని చూడాలంటే మెడ వెనక్కి వాల్చాల్సిందే. పడిపోయిన ఒకదాని మీద ఎవరిదో చొక్కా ఆరేసి ఉంది. మా రేవు బండ గుర్తొచ్చింది. ఎందుకో తుతు ఫెలాలో కంటే ఇక్కడే నాకు మనసు తేలికపడింది.

*

తిరిగొచ్చేటప్పుడు ఎమామ మా ఇద్దరికీ కలిపి ఒకే జెబెనా ఇచ్చింది. రూపాయి ఎగరేశాం. రాజుగారు గెలిచారు. లుంగీలో చుట్టి విమానంలో ఒళ్లోనే పెట్టుకున్నారు.

ఆ తర్వాత మా స్నేహమంతా ఫోన్లలోనే. 2021లో ఒకరోజు పొద్దున్నే చేశారు, గొంతులో హడావుడి. "మాస్టారూ, మన రాళ్లు!" ఏమిటంటే, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆ ప్రాంతంలోనే సకారో సోడో అనే చోట తవ్వి, అక్కడి రాళ్లు ఒకటో శతాబ్దంలోనే నిలబెట్టారని తేల్చారట. అనుకున్నదానికంటే వెయ్యేళ్లు వెనక్కి. "అంటే మన శాతవాహనుల నాటివండీ" అన్నారు. అక్కడ దొరికిన నల్లటి గాజురాయి 300 కిలోమీటర్ల దూరం, ఉత్తర కెన్యా నుంచి వచ్చిందట. మా ఇంటి రోలు పడవ మీద వచ్చింది కదా, ఆ సంగతే అన్నాను. "అన్నేసి రాళ్లున్న ఊరికి కూడా ఇంకో రాయి బయటి నుంచి రావాల్సొచ్చిందన్నమాట" అని చాలాసేపు నవ్వారు.

2023లో ఆ ప్రాంతం మొత్తాన్ని, కాఫీ, ఎన్సెట్, మానులు, రాళ్లతో సహా, గెదెయో సాంస్కృతిక క్షేత్రంగా యునెస్కో జాబితాలో చేర్చారు. అప్పుడూ ఆయనే ఫోను. గొంతు తగ్గిపోయింది. నెలకి రెండుసార్లు ఆసుపత్రి తిరుగుడు మొదలైన రోజులు. "ఈసారి వెళ్తే టికెట్టు పెంచేసి ఉంటారు మాస్టారూ" అన్నారు.

*

రాజుగారి పదోరోజు నరసాపురం వలంధర రేవులో జరిగింది. పూర్వం డచ్చివాళ్ల ఓడలొచ్చిన రేవు, ఆ పేరు వాళ్లదే. వశిష్ఠ అక్కడ సముద్రంలా వెడల్పుగా ఉంటుంది. పొద్దున్నే నాలుగు కుటుంబాలు వరసలో ఉన్నాయి, నాలుగు రాళ్లు, నాలుగు తడి ధోవతులు. మైకులో ఎవరిదో పంచాంగం నడుస్తోంది.

రాజుగారబ్బాయి అమెరికా నుంచి వచ్చాడు, విమానం అందుకుని, దహనానికే. రాయి చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇదెక్కడిదండీ?" అని బ్రహ్మగారిని అడిగాడు.

"రైలు కట్ట మీది కంకరండీ బాబూ. ఏం, బాలేదా?"

"బానే ఉందండీ" అన్నాడు.

నాకు అమలాపురానికి ఇంకా రాని రైలు గుర్తొచ్చింది, మా తమ్ముడు తెచ్చిన సన్నికల్లు ముక్క గుర్తొచ్చింది. అబ్బాయి నీళ్లలోకి దిగాడు. వెనక వరసలోవాళ్లు అప్పుడే ముందుకు జరుగుతున్నారు, తొందరగా కానివ్వండి అన్నట్టు. వెనక్కి చూడొద్దు నాన్నా అని ఎవరో అరిచారు.

నిన్న పచ్చిగింజలు తెప్పించాను, అరకువి. మూకుట్లో నేనే వేయించాను. చెవి ఇప్పుడు సరిగ్గా వినబడదు, రెండు క్షణాలు ఆలస్యంగా దింపాను. జెబెనాలో కాచి, మా ఆవిడకీ నాకూ గ్లాసుల్లో పోశాను. ఆవిడ ఒక గుక్క తాగి, "కషాయంలా ఉంది" అంది. రెండో వాయి కొంచెం నయమంది. మూడోది ఎందుకో అడక్కుండానే తాగింది.

తర్వాత అంట్లతో పాటు దాన్ని కూడా పెరట్లోకి తీసుకెళ్తుంటే వెనక నుంచి కేకేశాను, సబ్బు మాత్రం పెట్టొద్దని.